బహుమతి కొట్టిన దిష్టిబొమ్మ

హాలోవీన్ రాత్రి దెయ్యం వేషం కట్టుకొచ్చిన పక్కింటి పిల్లవాడి సంచిలో గుప్పెడు చాక్లెట్లు పోస్తున్నప్పుడు, అసలీ తంతు ఎందుకు పుట్టిందని మీరు ఒక్కసారైనా అడిగారా? అడిగి ఉండరు. ఆ రోజుల్లో నేను అడిగేవాణ్ణి. అడగడంతో ఆగకుండా, అడగనివాళ్లకి కూడా జవాబు చెప్పేవాణ్ణి. కాలేజీలో చదివేటప్పుడు గుంటూరు జిల్లాలో ఊరూరా తిరిగి, గాల్లోంచి విభూతి తీసే స్వాముల ముందు నిలబడి "ఆ జుబ్బా చేతులు పైకి మడిచి తీయండి స్వామీ" అని నిలదీసిన బృందంలో నేనూ ఉన్నాను (ఉన్నది ఆఖరి వరసలో; చెప్పుకునేటప్పుడు మాత్రం మొదటి వరసలోకి వచ్చేస్తాను). అలాంటివాణ్ణి అమెరికాలో దిగాక నిలదీయడానికి స్వాములు దొరక్క, నోరు తుప్పు పట్టి అవస్థ పడుతున్న కాలంలో జరిగింది ఇది.

మాంద్యం వచ్చిన మరుసటి ఏడాది. అరిజోనాలోని చాండ్లర్‌లో అక్కా బావగార్లు కొత్తగా కొనుక్కున్న ఇంట్లో పై గది నాది. బావగారు కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆ ఫ్యాక్టరీలో అప్పట్లో ఎవరినైనా తీసేశారంటే, పొద్దున్నే గేటు దగ్గర వాళ్ల బ్యాడ్జి పనిచేయకపోవడమే కబురు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే దేశం వదలాలి, అప్పుడు ఇల్లేమవుతుందో, బడికెళ్లే పిల్లలేమవుతారో ఎవరికీ తెలియదు. ఇంత పెద్ద సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. దానికి బదులుగా బావగారు ఒక ఆదివారం ఇండియన్ షాపుకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి, బూడిద గుమ్మడికాయ తెచ్చి, పసుపు కుంకుమలు రాసి గుమ్మానికి కట్టారు. అరిజోనా ఎండకి అది లోపల్లోపలే ఉడికి, పార్సెల్ తెచ్చినాయన బూటు మీద జారిపడింది. పాపం, ఆయనే మాకు సారీ చెప్పి వెళ్లాడు. దిష్టంతా కాయ లాగేసుకుంది కాబట్టే కుళ్లిందని బావగారు. నూటపది డిగ్రీల ఎండలో వంకాయ కట్టినా కుళ్లుతుందని నేను. "నీకు ప్రతిదానికీ వాదన కావాల్రా తమ్ముడూ" అని అక్క.

ఆ తరవాత దిష్టిబొమ్మ వచ్చింది. బావగారి కొలీగ్ ఒకాయన విజయవాడ వెళ్లి వస్తూ సూట్‌కేసులో మడిచి తెచ్చాడు. నల్లటి మొహం, కోడిగుడ్లంత కళ్లు, కొబ్బరి పీచు మీసం, ఛాతీ దాకా వేలాడే ఎర్ర నాలుక. పొట్టలో కుక్కడానికి గడ్డి దొరక్క, కంపెనీవాళ్లు ఏటేటా ఇచ్చిన టీషర్టులన్నీ కుక్కి గుమ్మం పైన వేలాడగట్టారు. నేను ఊరుకుంటానా? భోజనాల దగ్గర, కార్‌లో, చివరికి ఆయన పళ్లు తోముకుంటున్నప్పుడు కూడా ప్రశ్నలు వేశాను. కాలిఫోర్నియాలో కూర్చుని లే-ఆఫ్ చేసే పెద్దమనిషికి చాండ్లర్‌లో మీ గుమ్మం ఎలా కనిపిస్తుంది? ఆయన కళ్లకి ఈ నాలుక ఎలా అడ్డం వస్తుంది? బావగారు నురగ ఉమ్మేసి, "మన పెద్దలు ఏం చేసినా దాన్లో సైన్స్ ఉంటుందోయ్" అనేవారు. ఏ సైన్సో చెప్పమంటే టవలు కోసం వెతుక్కునేవారు.

ఇంతలో హాలోవీన్ వచ్చింది. ఆ సాయంత్రం మా వీధిలో ఎప్పుడో స్థిరపడిన రిటైర్డ్ డాక్టరు గారు కాఫీకి వచ్చి, ఈ పండగ ఆధ్యాత్మిక రహస్యం విప్పడం మొదలుపెట్టారు. ఇది మన మహాలయ పక్షమేనట, ఇక్కడివాళ్లు ఎత్తుకొచ్చారట. ఐర్లాండ్‌వాళ్లు పూర్వం దీన్ని సావిన్ అనేవారు కాబట్టి అది మన సావే, అంటే చావేనట, ఇంతకన్నా ఆధారం ఇంకేం కావాలట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పంటలు ఇంటికొచ్చి, చీకటి ముంచుకొచ్చే చలికాలం ముందు, ఈ శీతాకాలంలో ఎవరు బతుకుతారో ఎవరు పోతారో తెలియని మనుషుల భయంలోంచి పుట్టిన పండగండీ అది అని చెప్పాను. చచ్చినవాళ్లు ఆ రాత్రి తిరిగొస్తారనుకున్నారు, మంటలు వేశారు, గుర్తుపట్టకుండా వేషాలు కట్టారు, దుంపలు తొలిచి దీపాలు పెట్టారు. చర్చి వచ్చి దానికి తన పేరు పెట్టుకుంది. వలస వచ్చినవాళ్లకి ఇక్కడ గుమ్మడికాయ దొరికింది, దుంప కన్నా తొలవడం తేలిక కాబట్టి అదే స్థిరపడింది. ఇందులో మన వేదాలూ లేవు, మార్స్ మీంచి వచ్చిన రహస్యమూ లేదు. డాక్టరు గారు అంతా విని, "అదే కదా నేను చెప్పేదీ" అని ఇంకో జంతిక తీసుకున్నారు.

ఈ వాదన లోపల నడుస్తుంటే బయట వీధి వీధంతా మా గుమ్మం ముందుంది. మిగతా ఇళ్ల ముందు షాపులో కొన్న ప్లాస్టిక్ అస్థిపంజరాలు. మా ఇంటి ముందు గాలికి నాలుకాడిస్తూ అసలు సిసలు భీకరం. పిల్లలు దాని కింద నిలబడి భయపడి, పారిపోయి, మళ్లీ భయపడటానికి లైన్‌లోకి వచ్చారు. మర్నాడు కాలనీ కమిటీ అధ్యక్షురాలు, ఎప్పుడూ గులాబీ రంగు టోపీ పెట్టుకునే పెద్దావిడ, స్వయంగా వచ్చి మా ముందు గడ్డిలో "ఈ ఏటి ఉత్తమ హాలోవీన్ అలంకరణ" అని చిన్న బోర్డు పాతింది. బావగారు బొమ్మకి ఒకవైపూ బోర్డుకి ఒకవైపూ చేతులు వేసి ఫొటో దిగారు. దిష్టి తగలకుండా కట్టిన బొమ్మకి వీధంతటి కళ్లూ తగిలాయి కదా, ఇప్పుడు దీనికి దిష్టి తీయాలా అని అడిగాను. అక్క ఆ రోజు నాకు పెరుగు వెయ్యలేదు.

రెండు వారాలకి కమిటీ నుంచి నోటీసు వచ్చింది. హాలోవీన్ అలంకరణలు ఇళ్ల ముందు నుంచి తీసేయాలి, లేకపోతే ఫైన్. వీధంతా తీసేశారు, మా బొమ్మ ఒక్కటే నాలుక వేలాడేసుకుని ఉంది. నోటీసు చదివి బావగారి మొహం పాలిపోయింది. సరిగ్గా ఆ వారమే ఆయన పక్క సీటు ఖాళీ అయింది. "తీస్తే కొంప మునుగుతుందోయ్. నువ్వు డిబేట్లు చేసినవాడివి కదా, మీటింగ్‌కి నాతో రా. మన తరఫున మాట్లాడు" అన్నారు. నాతో బతిమాలుతున్నట్టు మాట్లాడటం అదే మొదలు. నేను దాన్ని నా వాగ్ధాటికి దక్కిన గౌరవం అనుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను.

స్విమ్మింగ్ పూల్ పక్క హాల్లో సాయంత్రం మీటింగ్. ముగ్గురు సభ్యులు, మధ్యలో గులాబీ టోపీ ఆవిడ, మా ముందు బిస్కెట్ల ప్లేటు. ఆవిడ ఎంత మంచిదంటే, దారి కూడా తనే చూపించింది. ఇది మీ మతానికి సంబంధించినదైతే ఒక్క మాట చెప్పండి, మా రూల్స్‌లో దానికి మినహాయింపు ఉంది, ఏడాది పొడుగునా ఉంచుకోవచ్చు అంది. బావగారు బల్ల కింద నా కాలు తొక్కారు. ఒక్క మాట. "అవునండీ" అంటే అయిపోయేది. కానీ నేనెవర్ని? దిష్టి అనేది ఒక మతసత్యమని నా నోటితో, అదీ పరాయి దేశంలో, మినిట్స్ రాసుకుంటున్నవాళ్ల ముందు ఒప్పుకోవాలా? గొంతు సవరించుకుని, పంటల కాలం నుంచి మొదలుపెట్టాను. చలికాలం, చచ్చినవాళ్లు, మంటలు, దుంపలు, చర్చి, గుమ్మడికాయ. అక్కణ్ణుంచి మా ఊళ్ల గుమ్మాల మీదికొచ్చాను. మీ గుమ్మడికాయ దీపమూ మా బొమ్మా పుట్టింది ఒకే భయంలోంచి, చేసే పనీ ఒక్కటే, అంటే ఏమీ లేదు, అని ముగించాను. అంత బాగా నేను గుంటూరు జిల్లాలో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. గులాబీ టోపీ ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"ఇంత చక్కగా నాకెవరూ చెప్పలేదు నాయనా. అంటే ఇదీ హాలోవీన్ అలంకరణే. బహుమతి కూడా తీసుకున్నారు కదా. శనివారంలోగా తీసేయండి" అంది.

 దారంతా కార్‌లో నేను, ఆ తీర్పులో ఉన్న తార్కిక లోపం ఏమిటా అని వెతుకుతూనే ఉన్నాను. లేదు. నా వాదనలో లోపం ఉండదు కదా.

శనివారం మధ్యాహ్నం బావగారు నిచ్చెన ఎక్కారు. నేను కింద పట్టుకున్నాను. తాడు ముడి విప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఇంకా ఏదో అందామని నోరు తెరిచాను (ముడుల గురించి కూడా నా దగ్గర అభిప్రాయాలు ఉండేవి). పైనుంచి ఆయనే అన్నారు, బొమ్మ వైపు చూస్తూ, నాతో కానట్టు.

"ఇది గుడ్డముక్కని నాకు తెలీదనుకున్నావటోయ్? రోజూ పొద్దున వెళ్లేముందు దీని మొహం చూసి, ఇవాళ బ్యాడ్జి పనిచెయ్యాలి అనుకుని వెళ్తున్నాను. ఇంకెవరితో అననూ? మీ అక్కతో అంటే అది నిద్రపోదు."

గుమ్మానికున్న జాలీ తలుపు వెనక అక్క నిలబడి ఉందని మా ఇద్దరికీ తెలియదు.

"నేను నిద్రపోయి రెండు నెలలైంది" అంది. "మీకు బొమ్మ ఉంది. నేనెవరితో చెప్పుకోను?"

బావగారు నిచ్చెన మీదే ఉండిపోయారు. బొమ్మ ఒక చేతిలో తలకిందులుగా వేలాడుతోంది.  ఈసారి జవాబు నన్నెవరూ అడగలేదు. ఆయన దిగారు, అక్క బయటికొచ్చింది. ఇద్దరూ గుమ్మంలో మెట్టు మీదే కూర్చుని, ఉద్యోగం పోతే ఏం చెయ్యాలి, ఇల్లు అమ్మాలా, పిల్లలకి ఏమని చెప్పాలి అని మొదటిసారి పైకి మాట్లాడుకున్నారు. మధ్యలో అక్క ఏడ్చింది, మధ్యలో ఎందుకో ఇద్దరూ నవ్వారు కూడా. నిచ్చెన ఇక పట్టుకోనక్కర్లేదని చాలాసేపటికి గాని నాకు తట్టలేదు.

తరవాత బావగారి ఉద్యోగం పోయిందా, నిలిచిందా అని మీరు అడుగుతారు. చెప్పను. పోయిందంటే బొమ్మ తీసినందుకంటారు, నిలిచిందంటే అన్నాళ్లు కట్టినందుకంటారు. మీ సంగతి నాకు తెలుసు. బొమ్మ ఏమీ చెయ్యలేదు, చెయ్యలేదు, చెయ్యలేదు. ఆ మాట మీద నేను ఇవాళ్టికీ ఉన్నాను. కానీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అపరిచితులకి ఐర్లాండ్ రైతుల భయాలు పూసగుచ్చినట్టు చెప్పి చప్పట్లు కొట్టించుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడికి ఎక్కడెక్కడి భయాలో తెలుసు. ఒకే భోజనాల బల్ల దగ్గర ఎదురుగా కూర్చున్న మనిషిది తప్ప. అయినా వాడిమీద నాకు కోపం లేదు, కాస్త ముద్దుగానే ఉంటాడు.

మీరు మాత్రం వాడిలా ఉండకండి. గుమ్మాలకి కట్టినవి తీయండి, తీయించండి, దాంట్లో నేను రాజీపడను. కానీ దానికి ముందు, ఇవాళే, భోజనాల దగ్గర టీవీ కట్టేసి మీ ఇంట్లో మనిషిని అడగండి: నీకు దేనికి భయం? అడిగి, వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోండి.