దిబ్బ మీద చెలమ

నడుము లోతు గొయ్యి తవ్వి, దాన్ని నేనే పూడ్చి, ఆ రెండు పనుల మధ్య గుప్తనిధుల దొంగగా పట్టుబడిన రోజు గురించి చెబుతాను. తలుచుకుంటే ఇప్పటికీ భుజాలు లాగుతాయి. అందుకని కూర్చునే చెబుతాను, మీరూ కూర్చోండి.

అప్పట్లో తిరుపతిలో ఒక ఇనుప సామాన్ల కొట్లో పనిచేసేవాణ్ని. పదో తరగతితో బడి మానేసినా, సాయంత్రమైతే గ్రంథాలయం బల్లకు బంకలా అతుక్కునేవాణ్ని. ఇసుక దిబ్బల గురించిన ఒక పుస్తకం నాకు కంఠతా వచ్చు. దిబ్బను మాత్రం కంటితో చూసిన పాపాన పోలేదు.

మాఘమాసం, ఎండ మెత్తగా ఉన్న రోజులు. స్వర్ణముఖి ఒడ్డున ఎత్తైన దిబ్బలున్నాయని విని, వడమాలపేటలో ఉండే మా అక్క భర్త వరదబావను బయల్దేరదీశాను. బావ గుడిలో నైవేద్యం వండే మనిషి. సాయంత్రం నాలుగింటికి ఆయన వచ్చి పొయ్యి వెలిగించాలి. ఆ పొయ్యి ఇంకొకరు ముట్టుకోరు. పైగా వంట ఉన్న రోజున తన చేత్తో తోడుకున్న నీళ్లే తాగుతాడు.

"బిందె తెచ్చుకుంటాన్రా," అన్నాడు.

"ఎందుకు బావా మోత? ఇసుకలో గుంత తీస్తే చెలమ ఊరతాది. నువ్వే తోడుకో. మడికి మడి, చల్లదనానికి చల్లదనం."

బావ నమ్మాడు. పాపం, మంచివాడు. నేను కొట్లోంచి ఒక పార, ఇంట్లోంచి ఒక డజను నిమ్మకాయలు, కాస్త ఉప్పు, పుస్తకం పట్టుకున్నాను.

రెండు గంటలు నడిచాం. ఒక అడుగు ముందుకేస్తే ఇసుక అరడుగు వెనక్కి లాగింది. పెద్ద దిబ్బ అడుగున తడి దాగి ఉంటుందని పుస్తకంలో ఉంది కాబట్టి, అన్నిటికన్నా పెద్ద దిబ్బ శిఖరం మీద తవ్వడం మొదలుపెట్టాను. మీరు నవ్వకండి. ఒక పార ఇసుక తీస్తే రెండు పారలు లోపలికి జారుతుంటే, నాకేమీ నవ్వు రాలేదు.

"ఒరే, నీళ్లు కింద ఏట్లో మెరుస్తా ఉండాయి గదరా," అన్నాడు బావ నీరసంగా.

"అది పైపై నీరు బావా. ఇది శుద్ధమైంది. ఇంకో జానెడు."

ఆ జానెడు మధ్యాహ్నం రెండు గంటలు దాటేదాకా సాగింది. బావ పెదాలు అప్పడాల్లా ఎండిపోయాయి. అప్పుడే మేకల్ని తోలుకుంటూ ఒకామె వచ్చింది. పేరు మునెమ్మ అని తర్వాత తెలిసింది. నామాలు పెట్టుకున్న బావను చూసింది, గోతిని చూసింది, నిమ్మకాయల్ని చూసింది. ఒక్క కేక పెట్టింది.

"ఓ అబ్బా! రాండప్పా! నిధి తవ్వుతుండారు!"

ఆరుగురు మగవాళ్లు కర్రలతో పరుగెత్తుకొచ్చారు. ఒక కుర్రాడు సెల్లులో వీడియో తీస్తున్నాడు. వాళ్లలో తలగుడ్డ పెద్దాయన అడిగాడు.

"ఏం తవ్వుతుండారు ఈడ?"

"నీళ్లకి."

"దిబ్బ మీదనా? మరి నిమ్మకాయలెందుకు?"

"పిండుకుని తాగేదానికి."

"సూడు, ఎట్లా చెప్తాండాడో!" అంది మునెమ్మ. "నామాలాయన, నిమ్మకాయలు, గుంత. ఇంగేం తక్కువ? కోడి ఒకటే."

పుస్తకమే కాపాడుతుందని తెరిచి చూపించాను. ఆ పేజీలో దిబ్బను నిలువుగా కోసిన బొమ్మ, దాని మీద బాణాలు, గుర్తులు.

"యాడ తవ్వాల్నో గుర్తులు కూడా పెట్టుకోనుండారే!" అన్నాడు పెద్దాయన. "పోలీసోళ్లొచ్చే దాకా ఈడే కూసోండి."

బావ చేతులు జోడించాడు. "నాలుగింటికి పొయ్యి వెలిగించాలప్పా. లేకుంటే ఈ పొద్దు స్వామికి పస్తే." చివరికి నన్ను వేలెత్తి చూపించాడు. "నామం మీద ఒట్టు. వీడు పుస్తకం సదివి, నీళ్లకని ఈడ తవ్వినాడు. కింద ఏరు కనపడతా ఉంటే తవ్వినాడు."

పెద్దాయన ఏటిని చూశాడు, గోతిని చూశాడు, నన్ను చాలాసేపు చూశాడు.

"నిజమేనా అబ్బా?"

కాదంటే స్వామికి పస్తు. అవునంటే ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న నా పాండిత్యానికి పాడె. "నిజమే," అన్నాను.

"గట్టిగా చెప్పు. వీడియోలో పడాల."

"ఏరు కనపడతా ఉంటే, నీళ్లకని దిబ్బ మీద తవ్వినాను!"

పెద్దాయన కర్ర దించాడు. "వదిలేయండప్పా. నిధి తవ్వేవోనికి ఇంతో అంతో తెలివుండాల."

బావ ఏట్లోకి దిగి మోచేతి లోతు గుంత తీశాడు. నిమిషంలో నీళ్లు ఊరాయి. దోసిళ్లతో కడుపు నిండా తాగి, పెద్దాయన బండి మీద గుడికి పోయి, నాలుగింటికి పొయ్యి వెలిగించాడు. గొయ్యిలో మేకలు పడతాయని, నన్ను మాత్రం దాన్ని పూడ్చి పొమ్మన్నారు. తవ్వినంతసేపూ జారిన ఇసుక, పూడ్చేటప్పుడు ఒక్క పిడికెడైనా దానంతటది జారలేదు.

పాఠకులారా, మీ అందరి సాక్షిగా, పారను నేలకు తాకించి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నా కంటికి నీళ్లు కనపడితే, ఏ పుస్తకమూ తెరవకుండా, ఎవరికీ ఏదీ వివరించకుండా, నోరు మూసుకుని కిందికి దిగి తాగుతాను.