నర్సింగన్న డిష్షుకు పట్టిన గ్రహణం

మా చిలకలగూడ గల్లీ మొత్తానికి ఒక పెళ్లి చూసే భాగ్యం లేకుండా చేసిన ఘనత నాది. నిజం పెళ్లయితే క్షమించేవాళ్లేమో. అది సీరియల్లో పెళ్లి! ఎవరు క్షమిస్తారు చెప్పండి?

ఫైవ్‌జీ కొత్తగా వస్తున్న రోజులవి. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ పట్టా అప్పుడే చేతికొచ్చింది. ఎవరింట్లోనైనా రిమోట్ పనిచేయకపోతే బ్యాటరీ మార్చి, రాకెట్ ప్రయోగించి వచ్చినదానిలా నడిచేదాన్ని.

మా మేడ మీద కేబుల్ నర్సింగన్న పెట్టుకున్న పెద్ద డిష్షు ఉండేది. ఉపగ్రహం పంపే చానళ్లను అదే పట్టి గల్లీకంతా పంచేది. దాని పక్కన నేనొక డబ్బా బిగించాను. వెనక గల్లీలో ఉండే నా స్నేహితురాలు గ్రేసు ఇంట్లో నెట్ జోరుగా వచ్చేది. ఆమె మేడ మీద ఒక డబ్బా, మా మేడ మీద ఒక డబ్బా పెట్టి ఆ నెట్‌ను గాలిలో లాక్కోవాలని నా పథకం. ఆ రెండు డబ్బాలనూ పాత సామాన్ల దుకాణంలో కొన్నాను.

"ఫారిన్ మాల్ మేడమ్, పవర్ జబర్దస్త్ ఉంటది!" అన్నాడు దుకాణదారు.

అది ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందని అడగాల్సిన ఇంజనీరు, రంగు బాగుందని సంచిలో వేసుకుంది.

పగలంతా ఇంటర్వ్యూలకు తిరిగి, సాయంత్రం ఇంటికొచ్చి డబ్బా ఆన్ చేసేదాన్ని. సరిగ్గా అప్పటినుంచే గల్లీలో టీవీలకు పిచ్చెక్కేది. సీరియల్లో పెళ్లికొడుకు ముఖం బెల్లం అచ్చుల్లా ముక్కలయ్యేది. పెళ్లికూతురు నోరు తెరిస్తే "గ్ర్ర్" అనేది.

ఎదురింటి లక్ష్మత్త నర్సింగన్నను నిలదీసింది. "ఏందీ నర్సింగూ, తాళి కట్టినట్టా, కట్టనట్టా?"

"నేనే పరేషాన్‌ల ఉన్న అక్కా! పొద్దంత మంచిగనే ఉంటది. పొద్దుగూకంగనే షురూ అయితది. సగం మంది కనెక్షన్ తీసెయ్యమంటుండ్రు."

ఆయన ముఖం చూస్తే జాలేసింది. వెంటనే నాలోని మేధావి మేల్కొంది.

"అన్నా, ఇది ఫైవ్‌జీ టవర్ పని. ఉపగ్రహాలు వాడుకునే సీ-బ్యాండులో కొంత భాగం ఫోన్లకిచ్చారు. పేపర్లో చదివాను. మూలమీద ఆ టవర్ చూశావా?"

"అట్లనా చెల్లే! మరేం చేద్దాం?"

"వైర్‌లెస్ ఆఫీసులో ఫిర్యాదు చేద్దాం. నేనే రాస్తా."

రాశాను. మామూలుగానా! అన్యాయం, అక్రమం, ప్రజల హక్కు... సంతకం కింద నా డిగ్రీ కూడా వేశాను.

సీరియల్లో పెళ్లంటే వారానికి తక్కువ సాగదు కదా. అది ఇంకా సాగుతుండగానే, ఒక సాయంత్రం అధికారి వచ్చారు. చేతిలో చేపముల్లులాంటి యాంటెన్నా, మెడలో మీటరు. గల్లీకి గల్లీ ఆయన వెంట ఊరేగింపుగా కదిలింది. నేను ముందు నడిచాను.

"సార్, టవర్ అటుంది."

"ఉండమ్మా, సిగ్నల్ ఇటు చూపిస్తోంది."

"సార్, జెర మళ్లోసారి చూడుండ్రి. మా పిల్ల ఇంజినీర్," అంది వెనకే వస్తున్న మా నానమ్మ.

ఆయన మళ్లీ చూశారు. యాంటెన్నా మా గేటు వైపు తిరిగింది. తర్వాత మెట్ల వైపు. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే మీటరు కూత పెరిగింది, ముందు నడిచిన నేను వెనక్కి తగ్గాను. మేడ మీద, నా డబ్బా ముందు అది ఆగకుండా అరిచింది.

ఆయన వైరు పీకారు. కింద అన్ని ఇళ్లలోంచీ ఒక్కసారిగా సన్నాయి వినిపించింది!

"చూడమ్మా, ఉపగ్రహం ముప్పై ఆరు వేల కిలోమీటర్ల నుంచి గుసగుసలాడుతుంది. నువ్వు డిష్షు చెవి పక్కనే బ్యాండుమేళం పెట్టావు. లైసెన్సు లేకుండా ఈ బ్యాండులో ప్రసారం చేస్తే కేసు, తెలుసా?"

తెలియదని చెప్పడానికి నా డిగ్రీ అడ్డొచ్చింది.

ఆయన కాగితం తీశారు. "ఫిర్యాదు చేసిందెవరు?"

"నేనే సార్."

"ఈ డబ్బా ఎవరిది?"

"అదీ... నాదే సార్."

ఆయన కాసేపు నన్ను, కాగితాన్ని మార్చి మార్చి చూశారు. "నా సర్వీసులో తన మీద తనే ఇంత ఘాటుగా ఫిర్యాదు చేసుకున్న మనిషిని చూడలేదమ్మా!"

నర్సింగన్న అడ్డం పడ్డాడు. "సార్, మా చెల్లె లెక్క. ఈసారికి ఇడిసిపెట్టుండ్రి." నా వల్ల సగం వ్యాపారం పోబోయిన మనిషి! అధికారి నన్ను హెచ్చరించి, డబ్బా పట్టుకుని వెళ్లిపోయారు. ఈలోగా తాళి కట్టడం అయిపోయింది, టీవీలో సబ్బు ప్రకటన వస్తోంది.

మర్నాడు మధ్యాహ్నం ఆ భాగాన్ని మళ్లీ వేశారు. గల్లీ అంతా మా ఇంట్లోనే కూర్చుని చూసింది. శిక్షగా అందరికీ చాయ్ నేనే పోశాను. తాళి పడగానే లక్ష్మత్త టీవీ మీద అక్షింతలు చల్లి, మిగిలిన గుప్పెడు నా నెత్తిన వేసింది. "నీ తెలివి సుత చల్లగుండాలె బిడ్డా!"

ఇప్పుడు గల్లీకంతా ఫైబర్ వచ్చింది. డిష్షు పోయింది. ఎవరి ఫోన్లో వాళ్లు, ఎవరి గదిలో వాళ్లు చూసుకుంటున్నారు. బొమ్మ అద్దంలా ఉంది. అయినా నాకు ముక్కలైన ఆ పెళ్లికొడుకు ముఖం చూసి అందరం కలిసి తిట్టుకున్న సాయంత్రాలే గుర్తొస్తాయి.

కనుక పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా ఆకాశం సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో లైసెన్సు లేని తరంగాన్ని గాలిలోకి వదలను. ఒకవేళ వదిలినా, ఫిర్యాదు మాత్రం వేరేవాళ్లచేత రాయిస్తాను.