సంతకు మాత్రమే బొట్టు

రాజాంలో కారం అంటే ఎర్ర ప్యాకెట్టే. ఇంకో పేరు అడిగిన వాళ్ళని షాపువాళ్ళు వింతగా చూస్తారు. దాని మీద ఒక సినిమా తార నవ్వుతూ ఉంటుంది, టీవీ పెడితే పొద్దస్తమానం అదే నవ్వు. అలాంటిదానితో పోటీకి దిగాడు ఉపేంద్ర. తండ్రి కాశీవిశ్వనాథం పోయాక కిరాణా కొట్టు ఈగలు తోలుకుంటోంది. ఇంట్లో మిగిలిన మంచి సరుకల్లా తల్లి కన్యాకుమారి చేతి కారం ఒక్కటే.

ధరలో ఆ కంపెనీతో తూగలేడు, రంగులో అసలే తూగలేడు. "ఆళ్ళకి మిషను ఉన్నాది, మనకి అమ్మ ఉన్నాది. అదే సెప్పుకుందాం" అన్నాడు భార్య బిందుతో. తల్లికి ఫొటో తీయించి ప్యాకెట్ మీద వేయించాడు. కింద ‘కన్యాకుమారి స్వయంగా దంచిన కారం’ అని అచ్చు.

తెలివైన ఆలోచనే. కాకపోతే ఆ ఫొటోలో నుదురు బోసిగా ఉంది. వెళ్ళిన ప్యాకెట్లు వెళ్ళినట్టే తిరిగొచ్చాయి. బోణీ వేళ ఆ మొహం చూడలేమని షాపువాళ్ళు వాటిని గోడవైపు తిప్పి పెట్టుకున్నారట. కారం బాగుంది గానీ మనిషి పనికిరాదన్నమాట.

ఆ నుదురు అలా ఉండిపోవడానికి కారణం ఉపేంద్రే. భర్త పోయిన పదో రోజున బంధువులంతా చేరి కన్యాకుమారి బొట్టు చెరిపేశారు. కొన్నాళ్ళాగి ఆవిడ సిగ్గుపడుతూ కొడుకుని అడిగింది.

"ఒరే నాయినా, సిన్న స్టిక్కరు పెట్టుకోనేటి? ఇప్పుడు శానామంది పెట్టుకుంతన్నారు."

"యాపారం సేసుకునే ఇల్లమ్మా మనది. నలుగురూ ఏటనుకుంతారు?"

ఆవిడ మళ్ళీ అడగలేదు. అద్దం ముందు నిలబడటమే మానేసింది.

ఇప్పుడు ఆ నలుగురే సరుకు కొనడం లేదు కాబట్టి ఉపేంద్ర స్టూడియోకి వెళ్ళి తల్లి ఫొటోలో ఇంత బొట్టు పెట్టించుకొచ్చాడు. బయటి ఊళ్ళలో సరుకు కదిలింది. కదిలేసరికి ఎర్ర ప్యాకెట్ ఏజెంటు ధనరాజుకి కడుపు మండింది. అలాంటి ఆవిడ ఎవరూ లేరని, అదీ అద్దెకు తెచ్చుకున్న మొహమేనని ఆ ఊళ్ళలో షాపు షాపుకీ తిరిగి చెప్పాడు.

"అయితే మనిసినే సూపిద్దాం" అన్నాడు ఉపేంద్ర. రాజాంలో ఆవిడ సంగతి అందరికీ తెలుసు. కోటబొమ్మాళి సంతలో ఎవరికీ తెలియదు.

సంత రోజు వ్యాన్‌లోనే బిందు అత్తగారికి కుంకుమ పెట్టి, గాజులు తొడిగి, తలలో పూలు తురిమింది.

"పాపం కాదేటే బిందూ?"

"యాపారం అత్తయ్యా. పాపమేటి?"

చేతి అద్దంలో మొహం చూసుకుని కన్యాకుమారి ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది. అందుకు ఆవిడకే సిగ్గేసింది.

ఆ రోజంతా రోలు ముందు కూర్చుని మిరపకాయలు దంచింది. ఆడవాళ్ళు మూగారు. "మీ ఆయన ఏటి సేస్తాడమ్మా?" అని ఒక ముసలావిడ అడిగింది. "కొట్టు సూసుకుంతాడు" అంది కన్యాకుమారి. అబద్ధమాడినట్టు అనిపించలేదు.

సాయంత్రం చిలకపాలెం దగ్గర రాజాం రోడ్డెక్కగానే ఉపేంద్ర వ్యాన్ ఆపించాడు. "తుడిసేసుకో అమ్మా" అన్నాడు. తుడుచుకుంది. గాజులూ బిందు డబ్బాలోకి వెళ్ళిపోయాయి, మళ్ళీ సంతకి.

ఇక ప్రతి సంతకీ అంతే, పొద్దున్న పునిస్త్రీ, సాయంత్రం విధవ. మొగుడు ఒక్కసారే పోయాడు గానీ బొట్టు మాత్రం వారం వారం పోయేది. అయినా ఆ పిచ్చిది వారమంతా సంత కోసం ఎదురుచూసేది. అమ్మకి హుషారొచ్చిందని కొడుకు మురిసిపోయి, దంచడానికి ఇంకో బస్తా తెచ్చి పడేశాడు.

ఒక సాయంత్రం చిలకపాలెంలో కన్యాకుమారి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఉండనియ్యరా. ఇంటికెళ్ళి తుడుసుకుంతాను. మీ నాన్న ఫొటో ముందర ఒక్కసారి నిలబడతాను."

"మతి పోయిందేటి? ఈదిలో అందరూ సూస్తారు."

"సూడనీ. ఇన్నాళ్ళూ పరాయి ఊరోళ్ళు సూడ్నేదా?"

ఉపేంద్ర చేతికందిన గుడ్డ లాగి, ఒక చేత్తో తల్లి తల అదిమిపట్టి, రెండో చేత్తో రుద్ది తుడిచేశాడు. రోజంతా కారం తక్కెడ తుడిచిన గుడ్డ అది. కుంకుమతో పాటు కారం నుదుటి మీంచి కళ్ళలోకి దిగింది. కన్యాకుమారి కెవ్వున అరిచింది. ఆవిడ స్వయంగా దంచిన కారం, కల్తీ లేనిది. బిందు సీసాలో నీళ్ళన్నీ పోసినా మంట ఆరలేదు.

ఇల్లు చేరాక గోడ తడుముకుంటూ వెళ్ళి భర్త ఫొటో ముందు నిలబడింది. కళ్ళు వాచిపోయి రెప్పలు విడలేదు. ఫొటో కనబడలేదు.

వెనకనుంచి కొడుకు గొంతు వినబడింది.

"బిందూ, వచ్చే వారం శృంగవరపుకోట కూడా ఎల్దాం. అమ్మ నుదురు కందిపోయినాది, సూడు. ఈసారి బొట్టు ఇంకాస్త పెద్దది పెట్టు, కప్పేస్తాది."