మునిరత్నమ్మకు వచ్చిన వాగ్దానం

మా పూతలపట్టు సంఘంలో కొత్త సంవత్సరం పొద్దున ఆరాధన అయ్యాక వాగ్దానపు కార్డులు తీస్తారు. స్టీలు గిన్నెలో చిన్న చిన్న అట్టముక్కలు వేసి పెడతాం. ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం ఉంటుంది. ఎవరి చేతికి ఏది వస్తే అదే ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన మాట. ఇంటికి తీసుకుపోయి గోడకు అంటించుకుంటారు. పద్నాలుగేళ్లుగా ఆ కార్డులు రాస్తున్నది నేనే. పేరు జోయల్. సంఘానికి కార్యదర్శిని, ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టరుగా అరిచి అరిచి రిటైరైనవాణ్ణి. చేతిరాత ముత్యాలు అంటారు, నోరు మాత్రం మంచిది కాదంటారు. రెండూ నిజమే.

ఆ కార్డుల్లో ఎప్పుడూ మంచి మాటలే రాస్తాం. ఆశీర్వదిస్తాను, కాపాడతాను, నీకు తోడుంటాను, అలాంటివి. ఏడాది మొదట్లోనే కష్టం చీటీ అందుకోవాలని ఎవడికుంటుంది చెప్పండి.

మునిరత్నమ్మది మా సంఘంలో పుట్టిన కుటుంబం కాదు. వాళ్ల వైపు అందరూ గంగమ్మకు పొంగళ్లు పెట్టుకునేవాళ్లే. మొగుడు కుప్పుస్వామి, కూతురు ఐశ్వర్యకు నాలుగేళ్లప్పుడు జ్వరంతో పోయాడు. ఆ తర్వాత ఒక ఆదివారం చెరుకు నరకడానికి పోతూ, కాళ్లు నొప్పిగా ఉన్నాయని మా గుడిలో వెనకవైపు చాప మీద కాసేపు కూర్చుంది. పై వారం కూడా వచ్చింది. ఆ పై వారం కూతుర్ని తీసుకొచ్చింది. ఏమిచ్చారని అక్కడ చేరావని చుట్టాలు ఎత్తిపొడిస్తే, కూర్చునేదానికి చాప ఇచ్చినారు అందట. నాతో మాత్రం ఒకసారి వేరుగా చెప్పింది. నమ్మకం తాను వెతుక్కుంటూ పోయి తెచ్చుకున్నది కాదనీ, అడగకుండానే ఎవరో ఒళ్లో పెట్టి పోయినట్టు వచ్చిందనీ.

ఆమెకిప్పుడు యాభై మూడేళ్లు. సీజన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోస్తుంది, మిగతా రోజుల్లో తోట పనులు. నలభై దాటాక మా ఆదివారపు బడిలో పిల్లల పక్కన కూర్చుని చదువు నేర్చుకుంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ గట్టిగా చదువుతుంది. నేను విసుక్కుంటే, బస్సు ఏమైనా పోతా ఉండాదా కండక్టరన్నా అని నవ్వేది. ఆమె ముందు నా కోపం ఎప్పుడూ నిలవలేదు.

ఈ ఏడు జనవరి ఒకటిన ఆమె గిన్నెలో చెయ్యి పెట్టి కార్డు తీసింది. అలవాటు ప్రకారం వేలు పెట్టి అందరికీ వినబడేలా చదివింది. ప్రభువును నమ్మడం ఒక్కటే కాదు, ఆయన కోసం శ్రమపడడం కూడా మీకు అనుగ్రహమే అన్న మాట అది. ఎవరో వేరేది తీసుకోమన్నారు. ఇది గిన్నెలో వేస్తే ఇంకొకరి చేతికి పోతుంది కదా అని ఆమె ఒప్పుకోలేదు. పాస్టరు అయ్యగారు లేచి, ఇది అందరికీ దొరికే ధన్యత కాదనీ, శ్రమ కూడా వరమేననీ చెప్పి స్తోత్రం అనమన్నారు. అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నది నేనే.

పది రోజుల తర్వాత ఐశ్వర్య ఫోన్ చేసింది. ఆ పిల్ల శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటుంది. డిసెంబరులో వాళ్లమ్మ రొమ్ములో గడ్డ బయటపడిందట. తిరుపతిలో పరీక్షలన్నీ చేసి, ఇప్పుడే తీసేస్తే ప్రాణానికి భయం లేదని చెప్పి, ఇరవై రెండో తేదీకి ఆపరేషన్ పెట్టారట. ఇప్పుడు వాళ్లమ్మ రానంటోందట. ఏడుస్తూ ఒక్క మాట అంది.

"నువ్వు చెప్తే వింటాది మామా."

అప్పటికప్పుడు బయల్దేరి పోయాను. మునిరత్నమ్మ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. నన్ను చూడగానే ఎందుకొచ్చానో కనిపెట్టేసింది. పీట వేసి, కాఫీ ఇచ్చి, నేను నోరు తెరవకముందే తానే చెప్పింది.

"సూడన్నా, గడ్డ కనిపించిన నెల తిరక్కముందే ఆ వాక్యం వచ్చినాది. దేవుడు చెయ్యి చాపి ఇచ్చినదాన్ని కోసి పారేయించుకుంటే ఆయనకెట్లుంటాది?"

ఆమె ముఖంలో భయం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆ కార్డు పొరపాటున గిన్నెలో పడిందని అబద్ధం చెప్పాను. పొరపాటున రాయించింది మాత్రం ఆయన కాదా అన్నా అని అడిగి చేట విదిలించింది. అది ఆయన పేరు చెప్పినందుకు దెబ్బలు తింటున్నవాళ్లకు రాసిన మాట, గడ్డలకు రాసింది కాదు అని అరిచాను. అరిస్తే వినే మనిషా! గింజలు ఏరుకుంటూనే ఉంది. నేను నిజం చెప్పకపోతే ఈ మనిషి చచ్చిపోతుందని అప్పుడు అర్థమైంది.

నా భార్య సుజన పోయి తొమ్మిదేళ్లు. కడుపునొప్పితో ఎనిమిది నెలలు బాధపడింది. ఇది దేవుడిచ్చిన శ్రమ, ప్రార్థన చేసుకుంటే పోతుందని నేనన్నాను. చివరికి వేలూరు ఆస్పత్రికి తీసుకుపోతే ఆలస్యమైందన్నారు. సమాధి దగ్గర నేనే నిలబడి సాక్ష్యం చెప్పాను. సుజన ఒక్కరోజైనా నోరు తెరిచి బాధ అనలేదనీ, శ్రమను వరంగా మోసిందనీ. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఇప్పటికీ ఆ సాక్ష్యం గురించి చెప్పుకుంటారు.

"పొరపాటు కాదు మునిరత్నా," అన్నాను. "తెలిసే రాసినాను. శ్రమ వరమని పదిమందీ అంటే వినాలనిపించినాది. వరం కాకపోతే అది నా తప్పవుతాది. సుజనకు దేవుడేం నొప్పి ఇయ్యలేదు. నేను వేళకు ఆస్పత్రికి తీసకపోలేదు, అంతే."

ఇన్నేళ్లలో ఆ మాట నేను నాతో కూడా అనుకోలేదు. మునిరత్నమ్మ చేట కింద పెట్టింది. తర్వాత కందులన్నీ డబ్బాలో పోసి మూత పెట్టి లోపలికి పోయింది. వస్తానని చెప్పలేదు, రానని చెప్పలేదు. కాసేపు కూర్చుని లేచి ఇంటికొచ్చేశాను.

ఇరవై ఒకటిన పొద్దున ఉండబట్టలేక తిరుపతి బస్సులు ఆగేచోటికి పోయి నిలబడ్డాను. ఐశ్వర్య సంచి మోసుకుంటూ వస్తోంది. వెనకే మునిరత్నమ్మ. నన్ను చూసి, నువ్వూ ఎక్కు అన్నట్టు తల ఊపింది. బస్సులో చాలా దూరం పోయాక తనకు తానే చెప్పుకున్నట్టు అంది.

"నమ్మకం ఆయనే ఇచ్చినాడు, అది నాకు తెలుసు. ఈ గడ్డ ఎవరిచ్చినారో తెలీదన్నా. తెలీనిదాన్ని ఆయన మీద ఎందుకెయ్యాల?"

నాకు అంతకంటే బాగా చెప్పిన ప్రసంగం గుర్తులేదు.

మర్నాడు ఉదయం ఆస్పత్రిలో పచ్చగౌను వేసి ఆమెను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఐశ్వర్య కాగితాల మీద సంతకాలు పెట్టడానికి పోయింది. మేమిద్దరమే ఉన్నాం. ధైర్యం చెబుదామని మాటలు వెతుక్కుంటున్నాను. ఆమే అడిగింది.

"సుజనక్కకు యాడ నొప్పి ఉండిందన్నా?"

తొమ్మిదేళ్లలో సుజన విశ్వాసం గురించి నాతో మాట్లాడని మనిషి లేడు. నొప్పి గురించి అడిగినవాళ్లు లేరు. కుడి డొక్క కింద చెయ్యి పెట్టి చూపించాను.

"ఏమనేది?"

ఏమీ అనేది కాదు అని చెప్పబోయాను. సమాధి దగ్గర చెప్పిన మాటే నాలుక చివరికి వచ్చింది. ఆమె నా వైపే చూస్తోంది.

"రోజూ పొద్దున్నే అడిగేది," అన్నాను. "ఈ పొద్దైనా ఆస్పత్రికి తీసకపో అనేది."

ఏడుపు ఆగలేదు. మునిరత్నమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. వాక్యం చెప్పలేదు, ప్రార్థన చేయలేదు. నర్సు వచ్చి పేరు పిలిచాక లేచి, నేను బయటికొచ్చేదాకా ఈడే ఉండన్నా, యాడికీ పోవద్దు అని చెప్పి లోపలికి నడిచింది. మూడు గంటలు పట్టింది. నేను ఆ బెంచీ మీది నుంచి లేవలేదు.