మామ విప్పిన ఫ్యాన్ బెల్టు

నా చిన్నప్పుడు, పాలకీడు దగ్గరున్న మా ఊరికి వానాకాలంలో కూడా వచ్చి పోగలిగిన బండి ఒక్కటే ఉండేది. అది మా మేనమామ పాత పెట్రోలు జీపు. రంగు వెలిసి, సీట్లు చిరిగి, చూడటానికి ఏమంత బాగుండేది కాదు. కానీ హ్యాండిల్ పెట్టి రెండుసార్లు తిప్పితే ఎంత ముసురులోనైనా ఇంజను అందుకునేది. మామ రోజూ పొద్దున్నే దాన్ని ఓపికగా తుడిచేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, అలాంటి ఒక ముసురు రోజున అమ్మకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. మంత్రసాని తన వల్ల కాదంది. మామ అమ్మను జీపు వెనక పడుకోబెట్టి, నన్ను పక్కన కూర్చోమని, మిర్యాలగూడ దవాఖానకు బయల్దేరాడు. దారిలో వాగు పొంగి పారుతోంది. మామ ఒడ్డునే బండి ఆపి, ఇంజను బంద్ చేసి, బానెట్ తెరిచాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అసలే నోటి దురుసు పిల్లను. "భయమైతుందా మామా? అమ్మ సచ్చిపోతది, పోనియ్యి!" అని అరిచాను.

ఆయన పానా తిప్పుతూనే, "జర ఆగు బిడ్డా. ఫ్యాన్ తిరిగితే నీళ్లు ఎగజిమ్మి వైర్లు తడుస్తయి. వాగు నడుమ ఇంజను ఆగితే ముగ్గురం ఖతం," అన్నాడు. ఫ్యాన్ బెల్టు విప్పి పక్కన పెట్టాడు. వైర్లకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాడు. అమ్మ మూలుగుతుంటే ఆ కాసేపూ నాకు ఒక పూటంత అనిపించింది. తర్వాత మొదటి గేరులో, మనిషి నడిచినంత నెమ్మదిగా నీళ్లలోకి దించాడు. నీళ్లు నా పాదాలను తాకాయి. ఇంజను ఒక్కసారి కూడా మొరాయించకుండా మమ్మల్ని అవతలి ఒడ్డెక్కించింది.

అమ్మ బతికింది. తమ్ముడు బతకలేదు. దవాఖాన వరండాలో నేను మామ మొహం మీదే, "నువ్వు గాడ ఆగకపోతే తమ్ముడు బతికేటోడు," అనేశాను. ఆయన మసి చేతుల్లో మొహం దాచుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది, మేము ఇంట్లో ఉండగానే బిడ్డ కడుపులోనే పోయాడని, వాగులో గనక చిక్కుకుని ఉంటే అమ్మ కూడా దక్కేది కాదని.

ఆ జీపును మామ కొడుకు ఇప్పటికీ అదే ఇంజనుతో నడుపుతున్నాడు. అది కనబడ్డప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. సొంత చెల్లెలు వెనక మూలుగుతుంటే చేతులు వణకకుండా పని చేసిన మనిషిని నేను పిరికివాణ్ని చేశాను. ఎవరైనా ఒక్క క్షణం ఆగితే ప్రేమ లేదని అనుకోవడం ఆరోజే మానేశాను. కానీ "తప్పయింది మామా" అని చెప్పడానికి, మామ పోయేలోపు నాకు నలభై ఏళ్లు దొరికాయి. ఒక్కనాడూ చెప్పలేదు.