లండన్‌లో ఖమ్మం మిరపకాయలు

2007 ఏప్రిల్‌లో, బాలింత అయిన మా అమ్మాయి సునీతకు సాయంగా ఖమ్మం నుంచి లండన్ వెళ్లాను. వాళ్లుండేది ఎనిమిదంతస్తుల భవనంలో. నేను దిగిన మూడోరోజు, పదకొండో తేదీ బుధవారం, పసివాడు పొద్దుటి నుంచి పాలు ముట్టలేదు. ఒకటే ఏడుపు. దిష్టేమోనని అనుమానం వచ్చింది.

వెంట తెచ్చిన ఎండుమిరపకాయలు వాడి చుట్టూ తిప్పి, వంటింట్లో వేడి పెనం మీద వేశాను. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, వస్తే లేనట్టు. ఇల్లంతా దగ్గు, కళ్లనీళ్లు. దిష్టి లేదని సంతోషించేలోపే పైకప్పుకున్న, పొగను పసిగట్టే యంత్రం చెవులు చిల్లులుపడేలా మోగింది. వెంటనే భవనమంతా మోగింది.

“అత్తమ్మా, జల్దీ కిందికి నడవుర్రి!” అంటూ అల్లుడు తలుపు తీశాడు.

భవనంలోని జనమంతా వీధిలోకి వచ్చారు. ఫైరింజన్ కూడా వచ్చింది. చల్లగాలి తగలగానే పిల్లాడు ఏడుపు మాని, తల్లి శాలువా చాటున గుటగుటా పాలు తాగాడు.

“నువ్వు కప్పిన కంబళ్లకు ఉక్కపోసిందమ్మా వానికి!” అంది సునీత.

అంతలో ఇరుగుపొరుగు చుట్టూ మూగి, వాడి ముఖంలోకి వంగి చూస్తూ మురిసిపోయారు. నేను సునీత చెవి దగ్గరికి వంగాను.

“గింతమంది కండ్లు పడ్డయి. ఇప్పుడు నిజంగనే దిష్టి తగిలింది. మళ్ల తియ్యాలె.”

“అమ్మా, నీకు దండం పెడ్త!”

“ఉప్పుతోని తీస్తనే. దానికి పొగ రాదు.”

పరాయి దేశం వెళ్లేవారికి నేను చెప్పేది ఒకటే. ఆచారం మానక్కర్లేదు, ముందు పైకప్పు వంక చూసుకోవాలి.