నాగి చెంప మీది మచ్చ

1999 ఎండాకాలం. హిందూపురంలో ఒక సినిమా థియేటర్ వెనక, సైకిల్ స్టాండును ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో నేను బోర్డులు రాసేవాణ్ణి. మా వృత్తిలో బొమ్మ వేయడాన్ని కూడా ‘రాయడం’ అనే అంటాం. కొత్త సినిమా వస్తే థియేటర్ ముందు ఎత్తుగా కట్టే గుడ్డ బొమ్మలన్నీ నా చేతి మీదే తయారయ్యేవి. పెనుకొండ, ధర్మవరం థియేటర్లకు కూడా ఇక్కడినుంచే లారీ మీద పోయేవి.

ఆ పని తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. ముతక గుడ్డను చెక్క ఫ్రేముకు బిగించి, దాని మీద సుద్దపొడి, జిగురు కలిపిన పూత పూస్తాం. దాన్ని గ్రౌండ్ అంటాం. సినిమా కంపెనీ వాళ్ళు పంపే ఫొటోలను స్టిల్స్ అంటారు. స్టిల్ మీద చిన్న గళ్ళు, గుడ్డ మీద పెద్ద గళ్ళు గీసుకుని, ఒక్కో గడిలో ఉన్నది చూస్తూ బొమ్మ దించుతాం. స్టిల్‌లో ఎలా ఉంటే బోర్డులో అలాగే ఉండాలి. మా గురువు నేర్పిన మొదటి పాఠం అదే. ఇన్నేళ్ళ పనిలో నేను దాన్ని దాటింది ఒక్కసారే.

ఆ ఏడాది మాకు వచ్చిన సినిమా ‘కొండకోట నాగి’. అంతకుముందు అది ఒక వారపత్రికలో బొమ్మల నవలగా వచ్చింది. కథంతా బొమ్మల్లో నడుస్తుంది, మాటలు పాత్రల తలల మీద బుడగల్లో ఉంటాయి. మేకలు కాసుకునే నాగి అనే పిల్ల, శత్రువులు దండెత్తి వస్తున్నారని అందరికన్నా ముందు పసిగట్టి, కోట బురుజు మీద మంట వేసి చుట్టుపక్కల ఊళ్ళను కాపాడుతుంది. పత్రిక ఒకరు కొంటే వీధంతా చదివేది. పట్టుగూళ్ళ మార్కెట్టులోనూ, బస్టాండు టీ అంగళ్ళలోనూ, ధర్మవరంలో మగ్గాలున్న ఇళ్ళలోనూ నాగి మాటే. తర్వాత అది పుస్తకంగా కూడా వచ్చింది.

మామూలుగా నా షెడ్డుకు వచ్చేది హీరోల అభిమానులు. మా హీరో తల ఇంకొంచెం పెద్దది చెయ్యమనో, మీసం ఇంకొంచెం తిప్పమనో అడిగేవారు. ఈసారి పుస్తకం చంకన పెట్టుకుని చదివినవాళ్ళు రావడం మొదలుపెట్టారు.

మొదట వచ్చింది పెనుకొండ రూటులో తిరిగే బస్సు కండక్టరు ఓబులేసు. గుడ్డ మీద అప్పుడే దించిన గీతలు చూసి, “ఏమప్పా గోవిందూ, కుక్క యాడ?” అన్నాడు.

“ఏ కుక్కన్నా?”

“నాగి కుక్క. కరియ. అది లేకుండా నాగి కొండెక్కేది ఏ వారమన్నా చూసినావా?”

“స్టిల్స్‌లో కుక్క లేదన్నా.”

“అయితే సినిమా తీసినోళ్ళు పుస్తకం చదవలా,” అని అక్కడే ఉన్న రంగు డబ్బా మీద కూలబడ్డాడు.

మర్నాడు పెనుకొండ హైస్కూలు డ్రాయింగు మాస్టారు నరసింహాచారి వచ్చారు. ఆయన బాధ బురుజు గురించి. “పుస్తకంలో బురుజు మన పెనుకొండ కోటలో మాదిరి గుండ్రంగా ఉంటుంది గోవిందూ. వీళ్ళు సెట్టు నలుపలకలుగా కట్టినారు. నువ్వన్నా గుండ్రంగా రాయి,” అన్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు నాగి కర్ర వంకర గురించీ, మేకల రంగు గురించీ చెప్పిపోయారు. నాకు విసుగు పుట్టింది. సినిమా తీసినవాళ్ళను అడగలేక నన్ను అడుగుతున్నారనుకున్నాను.

ఓబులేసు తన పుస్తకం నా దగ్గరే వదిలి వెళ్ళాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక కొంచెం కొంచెంగా చదివాను. చదివానంటే, పనివాడి కళ్ళతో చూశాను. నాగి ఎడమ చెంప మీద కాలిన మచ్చ ఉంది. చిన్నప్పుడు కాగడా మీదపడి కాలిందని కథ. ఆ చిత్రకారుడెవరో గానీ, ఏ పేజీలోనూ ఆ మచ్చను దాచలేదు. నాగి నవ్వినా, ఏడ్చినా, కొండెక్కినా ఆ చెంపనే మనవైపు తిప్పి గీశాడు. స్టిల్స్‌లో హీరోయిన్ చెంప వెన్నముద్దలా నున్నగా ఉంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు షెడ్డు వాకిట్లో నిలబడ్డారు. ఒకామె నడివయసు మనిషి. రెండో అమ్మాయికి ఇరవై దాటి ఉంటాయి. పైటకొంగు తల మీదుగా తెచ్చి ఎడమ చెంప కప్పుకుని ఉంది. పేరు సలోమి అనీ, పెనుకొండ దగ్గర పల్లె అనీ, ఇక్కడ రీలింగ్ యూనిట్లో పని అనీ చెప్పింది. పట్టుగూళ్ళను మరిగే నీళ్ళలో వేసి దారం తీసే చోటును రీలింగ్ యూనిట్ అంటారు. వెంట వచ్చినామె వాళ్ళ పిన్నమ్మ.

“అన్నా, నాగికి మచ్చ ఏసినారా?” అని అడిగింది సలోమి.

“లేదమ్మా. సినిమాలో లేదు.”

పిన్నమ్మ అందుకుంది. “చిన్నప్పుడు వాళ్ళమ్మెంబడి యూనిట్‌కు వచ్చి ఉడుకునీళ్ళు మీదపోసుకునిందబ్బా ఇది. అప్పట్నుంచి అందరూ కాల్నదీ, కాల్నదీ అని పిలిచేది.”

“ఇప్పుడు అట్ల పిలవరన్నా,” అంది సలోమి. “ఈ బొమ్మల కథ వచ్చినాక యూనిట్లో అందరూ నాగీ అంటాండారు. మా మేస్త్రీ గూడా అట్లే పిలుస్తాడు. ఆదివారం మ్యాట్నీకి అందరం వస్తాండాము. సినిమాలో నాగికి మచ్చ లేకపోతే, తెర చూసి నన్ను చూస్తారు గదా.”

అంతకుమించి ఆమె ఏమీ అడగలేదు. వేయమని కూడా అనలేదు. వెళ్ళిపోయారు. నేను బ్రష్షు కడిగి పెట్టి ఆ పూట ఇంక పని ముట్టలేదు. కుక్క అడిగినవాణ్ణీ, బురుజు అడిగినాయన్నీ తలుచుకున్నాను. వాళ్ళకూ ఇలాంటి కారణం ఏదైనా ఉందేమో, నేను అడగలేదు.

తెర మీది చెంప నేను మార్చలేను. బోర్డు మీది చెంప నా చేతిలోనే ఉంది. కానీ డిస్ట్రిబ్యూటర్ తరఫున వసూళ్ళు చూసుకోవడానికి వచ్చే మనిషి, మేం రెప్ అంటాం, బోర్డులు కూడా చూస్తాడు. స్టిల్ మార్చాడని ఒకరికొకరు చెప్పుకుంటే ఆ చుట్టుపక్కల నాకు పని దొరకదు.

ఓబులేసునూ మాస్టారినీ పిలిపించి ఒక మాట అడిగాను. సలోమి సంగతి చెప్పలేదు. పుస్తకంలోది ఒక్కటే బోర్డులోకి తేగలిగితే ఏది తేవాలి అన్నాను. ఓబులేసు వెంటనే “కుక్క” అన్నాడు. తర్వాత పుస్తకం తీసుకుని చాలాసేపు పేజీలు తిప్పాడు.

“కుక్క పోతే పోనీప్పా,” అన్నాడు చివరికి. “మచ్చ ఉండల్ల. అది లేకపోతే ఈయమ్మ యెవురో హీరోయిన్.”

మాస్టారు కూడా బురుజు సంగతి మళ్ళీ చూద్దాంలే అన్నారు. ముగ్గురం కలిసి మేనేజరు బసప్ప దగ్గరికి వెళ్ళాం.

బసప్ప విని తల అడ్డంగా ఊపాడు. “హీరోయిన్ అభిమానులు ఊరుకుంటారా? మా యమ్మ మొగం కాల్చినారంటారు.”

“పుస్తకంలో ఉండేదే సార్,” అన్నాను.

“పుస్తకం చూసేదానికి ఎవురన్నా టికెట్ కొంటారా?”

“మేం కొంటాం,” అన్నాడు ఓబులేసు. “పుస్తకం చదివినోళ్ళే ముందు వచ్చేది. వాళ్ళకు నాగి వాకిట్లోనే కనపడల్ల గదా.”

అప్పుడు నేను సలోమి సంగతి బసప్పకు చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. “ఈ ఊరి బోర్డు వరకే. పెనుకొండ, ధర్మవరం బోర్డులు స్టిల్ మాదిరే పోవల్ల. ఎవురన్నా అడిగితే నేను చెప్పుకుంటా పో,” అన్నాడు.

ఒప్పుకోవడమైతే అయింది గానీ, రాయడం రాలేదు. పుస్తకంలో ఆ మచ్చ నాలుగు అడ్డగీతల నలుపు. బోర్డు మీద రంగుల్లో, అంత పెద్ద ముఖం మీద, కాలిన చర్మం మీద వెలుగు ఎలా పడుతుందో నాకు తెలియదు. రెండుసార్లు రాసి తుడిచేశాను. ఒకసారి దయ్యంలా వచ్చింది, ఇంకోసారి బురద అంటినట్టు వచ్చింది. చివరికి యూనిట్‌కు వెళ్ళి, సలోమిని బయటికి పిలిచి, “నీ చెంప చూసి రాయొచ్చునా అమ్మా?” అని అడిగాను.

ఆమె కొంగు చెంప మీదికి సర్దుకుంది. “అడక్కుండానే చూస్తారన్నా అందరూ. అడిగి చూసేది నువ్వే,” అంది.

ఒకరోజు అరపూట సెలవు పెట్టి, పిన్నమ్మతో కలిసి వచ్చి షెడ్డు గుమ్మంలో, వెలుగు పడేచోట కూర్చుంది. కొంగు తనే తీసింది. అంతవరకూ మచ్చ అంటే నలుపే అనుకున్నాను. చూస్తే అందులో గులాబీ రంగు ఉంది, వెండిలాంటి మెరుపుంది, చెవి దగ్గర లేత పసుపు ఉంది. మడతపడిన చోట నీడ, సాగిన చోట వెలుగు. నేను నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ తార ముఖాన్నీ రాయలేదు. పూర్తయ్యాక ఆమె లేచి వెనక్కి వెనక్కి నడిచి చూసింది. “నాది ఇట్ల ఉండాదా?” అని పిన్నమ్మను అడిగింది.

“ఇట్లే ఉండాది,” అంది పిన్నమ్మ.

ఆదివారం మ్యాట్నీకి యూనిట్ ఆడవాళ్ళంతా వచ్చారు. బోర్డు కింద ఆగి తలలెత్తి చూశారు. ఒకామె సలోమి భుజం మీద చెయ్యేసి, “మన నాగే గదమ్మీ,” అంది. సలోమి కొంగు చెంప మీదే ఉంది. కానీ నవ్వుతోంది.

ఆట అయ్యాక బయటికి వచ్చినవాళ్ళు గొణుగుతూనే వచ్చారు. కుక్క లేదు, నాగి కర్రకు వంకర లేదు, మధ్యలో రెండు పాటలెందుకు అని. ఓబులేసు అయితే నాతో మాట్లాడకుండా టీ అంగడి వైపు పోయాడు. సలోమి మాత్రం నా దగ్గర ఆగింది.

“సినిమా బాగానే ఉండాదన్నా,” అంది.

“మచ్చ లేదు గదమ్మా?”

“లేదు. అయినా మంట ఏసేటప్పుడు ఆయమ్మ మొగం చూసినావా? బయపడ్తానే ఏసింది. పుస్తకంలో నాగి బయపడదు. నాకు ఈమె గూడా నచ్చింది.”

అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకుని వచ్చిన మనిషి ఆమె. సినిమా ఇచ్చినదాన్ని అందరికన్నా బాగా అందుకున్నదీ ఆమే.

రెండో వారం మొదట్లో రెప్ వచ్చాడు. బోర్డు చూసి బసప్పతో వాదించాడు. బసప్ప మాట తప్పలేదు, తప్పు తన మీదే వేసుకున్నాడు. అయినా చివరికి స్టిల్‌లో ఉన్నట్టే ఉండాలని తేలింది. నాకు పని పోలేదు, ఆ ఒక్క చెంప మళ్ళీ రాస్తే చాలన్నారు. నిచ్చెన ఎక్కే ముందు యూనిట్‌కు వెళ్ళి సలోమికి చెప్పాను. ఆమె ఆ మాట నా నోటినుంచే వినాలనిపించింది.

ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. కొంగు భుజం మీదే ఉంది. “చెరిపెయ్యన్నా. చూడల్సినోళ్ళు చూసినారు,” అంది. లోపలినుంచి ఎవరో “నాగీ” అని పిలిస్తే పలుకుతూ వెళ్ళిపోయింది.

కొన్నేళ్ళకు ఫ్లెక్సీలు వచ్చాయి. చేత్తో రాసే బోర్డుల కాలం పోయింది. నేను బడి గోడలు, అంగళ్ళ బోర్డులు రాసే పనిలోకి మారాను. అప్పటినుంచి ఒక అలవాటు ఉంది. బ్రష్షు పట్టే ముందు, “ఇందులో మీకు ఏది తప్పకుండా ఉండల్ల?” అని అడుగుతాను. ధర్మవరంలో ఒక చీరల అంగడాయన, చీర ఎలా ఉన్నా పర్వాలేదు, మగ్గం మీద చేతులు మాత్రం మా నాయన చేతుల్లా ఉండాలి అన్నాడు. ఎర్రమంచి దగ్గర ఒక బడిలో టీచరమ్మ, పిల్లల బొమ్మల్లో ఒకరికైనా కళ్ళద్దాలు పెట్టమంది. ఎందుకని నేను అడగను. పెడతాను.

కథను ప్రేమించినవాళ్ళు అది మరో రూపంలో వస్తుందంటే కుక్కనూ బురుజునూ అడుగుతారు. ఆ కథలో తాము నిలబడిన చోటు ఇంకా ఉందా లేదా అని వాళ్ళు వెతుక్కుంటారని నాకు సలోమి వల్ల తెలిసింది. దొరకనిది ఉన్నా, దొరికినదాన్ని మెచ్చుకోవచ్చని కూడా ఆమే చూపించింది. నన్ను నమ్మి ఎండలో ఆ గుమ్మంలో కూర్చున్నందుకు ఆమెకు నేను నోటితో చెప్పిన కృతజ్ఞత తక్కువే. మిగిలింది గోడల మీద రాసుకుంటూ వస్తున్నాను.